నల్లపొడి, అయస్కాంతం, అద్దకపు నీళ్ళు

(జాతీయ చేనేత దినోత్సవం నాడు ఒక నేత ఊళ్ళో, అద్దకం పనివాళ్ళు, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. తమ్ముడూ, ఆ మైకు కొంచెం పక్కకు జరుపు, బల్ల మీద నాకు చోటు కావాలి. అద్దకపు నీళ్ళలోంచి రంగును ఎలా తీసేయాలన్నదే ఇవాళ్టి మాట. ముందు పని మొదలుపెట్టి తర్వాత మాట్లాడతాను. ఈ సీసాలకు టైమ్ పడుతుంది.

ఇవి మూడు గాజు సీసాలు. మూడింట్లోనూ ఒకటే నీళ్ళు. లీటరుకు 10 మిల్లీగ్రాముల మిథిలిన్ బ్లూ అనే రంగు కలిపాను. 10 మిల్లీగ్రాములంటే మీరు రెండు వేళ్ళతో పట్టే చిటికెలో చాలా చిన్న భాగం. అయినా చూడండి, సీసా ఎంత నీలంగా ఉందో. మొదటి సీసాలో హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రమే పోస్తున్నాను. రెండో దాంట్లో ఈ నల్లపొడి మాత్రమే వేస్తున్నాను. మూడో దాంట్లో రెండూ. మూడింట్లోనూ కొన్ని చుక్కలు పలచటి ఆసిడ్ వేసి నీళ్ళను పుల్లబరిచాను, ఎందుకో మధ్యలో చెబుతాను. ఎండలో పెడితే పని త్వరగా అవుతుందని కిటికీ పక్క బల్ల అడిగాను. కానీ ఆగస్టు కదా, పొద్దున్నుంచీ మబ్బే. సరే, ఎంత అయితే అంత. అప్పుడప్పుడూ ఎవరైనా వచ్చి సీసాలు ఒకసారి కుదిపి వెళ్ళండి.

మాది కూడా రంగు ఇల్లే. మా నాన్న చిలపలకు, అంటే నూలు కట్టలకు, రంగు వేసేవాడు. ఆయన చేతులు మోచేతి దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి, అన్నం కలిపేటప్పుడు కూడా. మా ఇంటి వెనక మోరీ చూసి ఆ రోజు ఏ చీరల ఆర్డరో చెప్పేవాళ్ళం. మెరూన్ పారితే పెళ్ళిళ్ళ సీజన్ అని అర్థం. చిన్నప్పుడు అది మాకు సరదా. ఆ మోరీ ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు. ఊరి చివర గుంటలోకి పోయేది, అక్కణ్ణుంచి భూమిలోకి. చేతిపంపు నీళ్ళు ఉప్పగా మారాక గానీ ఆ ప్రశ్న మాకు తట్టలేదు.

ఇప్పుడు మీకు తెలిసిన విషయమే నా భాషలో చెబుతాను. నూలుకు ఎక్కువగా వాడేది రియాక్టివ్ రంగులు. ఇవి 1956లో మార్కెట్లోకి వచ్చాయి. వీటి గొప్పతనం ఏమిటంటే, రంగు నూలు మీద ఊరికే అంటుకుని కూర్చోదు, దారంతో రసాయనికంగా ముడిపడిపోతుంది. అందుకే ఉతికినా పోదు. అయితే తొట్టిలో దారం ఒక్కటే లేదు, నీళ్ళు కూడా ఉన్నాయి. రంగులో కొంత భాగం దారం బదులు నీటితోనే ముడిపడుతుంది. అలా ముడిపడ్డ రంగు ఇక దేనికీ పనికిరాదు, మళ్ళీ నూలును పట్టుకోలేదు. మిగిలిన తొట్టి నీళ్ళలో రేపు ఇంకో చిలప ముంచితే ఎందుకు రంగు సరిగా ఎక్కదో ఇప్పుడు అర్థమైందా? వేసిన రంగులో పదో వంతు నుంచి ఒక్కోసారి మూడో వంతు పైదాకా ఇలా మోరీ పాలవుతుంది. కిలో నూలుకు అద్దకం, ఉడకబెట్టడం, జాడించడం అన్నీ కలిపి 100 లీటర్ల దాకా నీళ్ళు పోతాయనుకోండి, ఆ రంగంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది.

పోనీ, పటిక వేసి అడుక్కి దింపేద్దామా? మట్టి నీళ్ళు తేరుకున్నట్టు ఇవి తేరుకోవు. రియాక్టివ్ రంగును నీళ్ళలో చక్కగా కరగడానికే తయారు చేశారు. సున్నం, పటిక, ఫెర్రస్ సల్ఫేటు కిలోల కొద్దీ వేస్తే కొంత దిగుతుంది, కానీ నీళ్ళలో ఉన్న రంగు కాస్తా బురదలోకి మారుతుంది. ఆ బురదను ట్రాక్టర్లో ఎత్తి ఎక్కడ పోస్తారు? మళ్ళీ ఆ గుంటలోనే.

తిరుప్పూర్ సంగతి మీలో చాలామందికి తెలుసు. తమిళనాడులో బనియన్ల ఊరు. అక్కడి అద్దకం నీళ్ళు నొయ్యల్ నదిలో కలిసేవి. ఆ నది మీద ఒరత్తుపాళయం దగ్గర 1990లలో సాగు కోసం ఆనకట్ట కట్టారు. అందులో నిలిచింది ఈ రంగు నీళ్ళూ, ఉప్పూ. కింద పొలాల రైతులు కోర్టుకు వెళ్ళారు. ఏళ్ళ తరబడి నడిచిన తర్వాత 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లన్నిటినీ మూసేయమంది. కొన్ని వందల యూనిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత చుక్క నీరు కూడా బయటికి వదలకుండా, పొరల్లోంచి వడగట్టి, మిగిలింది ఆవిరి పట్టించి, ఉప్పును విడిగా తీసే పద్ధతికి మారాల్సి వచ్చింది. అది పని చేస్తుంది. కానీ దాని కరెంటు బిల్లు మీలాంటి రెండు తొట్ల అద్దకం ఇంటికి సాధ్యమయ్యేది కాదు.

ఇంకో తేలిక మార్గం కూడా ఉంది, అందరికీ తెలిసినదే. మోరీలో బ్లీచింగ్ చల్లడం. తనిఖీ ఉందంటే ముందురోజు రాత్రి చల్లుతారు, నవ్వకండి. రంగు పోతుంది. కానీ రంగు పోవడం వేరు, రంగు పదార్థం పోవడం వేరు. ఈ మాట మీకు నేను చెప్పక్కర్లేదు, నీలి తొట్టి పెట్టినవాళ్ళున్నారు ఇక్కడ. వ్యాట్ నీలికి కాస్టిక్, హైడ్రోస్ వేస్తే ఏమవుతుంది? నీలం పోయి తొట్టి పసుపుపచ్చగా మారుతుంది. నీలి ఎక్కడికైనా పోయిందా? చిలప పైకెత్తి గాలికి చూపించగానే మళ్ళీ నీలం. అణువు అక్కడే ఉంది, వేషం మార్చింది అంతే.

ఈ పాఠం నేను పీహెచ్‌డీ చేసిన నాలుగో ఏడు దాకా నేర్చుకోలేదు. రంగుల అద్దకంలో పెరిగిన పిల్లను, సిగ్గుపడాల్సిన విషయమే. మా రంగంలో ఒక ప్రయోగం బాగా చేస్తారు. వెండి నానో కణాలు, సోడియం బోరోహైడ్రైడ్ కలిపి రంగు నీళ్ళలో వేస్తే ఐదు నిమిషాల్లో నీళ్ళు తెల్లబడతాయి. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. నేనూ తీశాను. అక్కడ జరిగేది ఏమిటంటే, అజో రంగుల్లో రెండు నైట్రోజన్ల మధ్య ఉన్న జోడు ముడి తెగుతుంది. రంగుకు కారణం ఆ ముడే కాబట్టి రంగు పోతుంది. కానీ రెండు ముక్కలూ నీళ్ళలోనే ఉంటాయి. వాటిని ఆరోమాటిక్ అమైన్లు అంటారు. కొన్ని రంగుల విషయంలో ఈ ముక్కలు రంగు కన్నా ప్రమాదం. 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్ కనిపిస్తోందని చెప్పాడు. బెంజిడిన్ అనే అలాంటి అమైన్ నుంచి చేసే రంగులను మన దేశం 1990లలో నిషేధించడానికి కారణం ఇదే. అంటే నేను రంగు నీళ్ళను తీసుకుని, కంటికి కనబడే దాన్ని కనబడని దానిగా మార్చి, శుద్ధి చేశానని రాసుకున్నాను.

సరే, మరి అణువును నిజంగా ముక్కలు ముక్కలు చేసి, చివరికి కార్బన్ డయాక్సైడు, నీళ్ళు దాకా తీసుకెళ్ళేది ఏమిటి? ఇక్కడికి ఇనుము వస్తుంది.

ఇనుముకూ రంగుకూ మన దగ్గర పాత చుట్టరికం. పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్ళను అడగండి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్ళతో గీత గీస్తే, గీసిన చోటల్లా నల్లగా తేలుతుంది. ఆ నలుపు ఎన్ని ఉతుకులకూ పోదు. అక్కడ ఇనుము రంగును కట్టేసే పని చేస్తుంది.

అదే ఇనుము రంగును చంపే పని కూడా చేస్తుందని కేంబ్రిడ్జ్‌లో ఫెంటన్ అనే ఆయన పని వల్ల తెలిసింది. 1894లో ఆయన ప్రచురించింది రంగుల గురించి కాదు, చింతపండులో ఉండే టార్టారిక్ ఆసిడ్ గురించి. ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడు కలిస్తే ఆ ఆసిడ్ వేగంగా ఆక్సీకరణ చెందుతుందని చూశాడు. అది ఎలా జరుగుతుందో 1934లో హేబర్, వైస్ చెప్పారు. ఇనుము పెరాక్సైడును విరగ్గొట్టి హైడ్రాక్సిల్ రాడికల్ అనేదాన్ని పుట్టిస్తుంది. ఇది మహా కోపిష్టి. ఎదురుపడిన ఏ కర్బన పదార్థాన్నైనా కొరుకుతుంది, ఇది రంగు, ఇది సబ్బు అని చూడదు. దాని ఆయుష్షు సెకనులో కొన్ని వందల కోట్ల వంతుల లెక్కలో ఉంటుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. పుట్టిన చోటు నుంచి అలాంటివి కొన్ని కూడా సరిగా నడవకముందే ఎవరినో ఒకరిని కొట్టి తానూ పోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం.

ఫెంటన్ పద్ధతిని ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ వాడుతున్నారు. రెండు ఇబ్బందులు. ఒకటి, నీళ్ళు బాగా పుల్లగా, పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో 3 దగ్గర ఉంటేనే బాగా నడుస్తుంది. ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. సీసాల్లో నేను ఆసిడ్ వేసింది అందుకే. మీ తొట్టి నీళ్ళేమో సోడా వేసిన నీళ్ళు, పీహెచ్ 10, 11 ఉంటాయి. ఆసిడ్ పోసి దింపాలి, పని అయ్యాక సున్నం వేసి మళ్ళీ ఎక్కించాలి. రెండోది, అలా ఎక్కించగానే కరిగిన ఇనుమంతా ఇటుక రంగు బురదగా దిగుతుంది. మళ్ళీ బురదే. మళ్ళీ ట్రాక్టరే.

అందుకని కరిగే ఇనుము బదులు కరగని ఇనుము వాడితే? గట్టి కణం నీళ్ళలో తేలుతూ పని చేస్తుంది, పని అయ్యాక దాన్ని తీసేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఆలోచన బాగానే ఉంది. కానీ తీసేయడం అన్న ఒక్క మాట దగ్గర మొత్తం ఆగిపోయింది. కణం ఎంత చిన్నదైతే పని అంత బాగా చేస్తుంది, ఎందుకంటే పని అంతా పైపొర మీదే. కణం ఎంత చిన్నదైతే పట్టుకోవడం అంత కష్టం.

నేను మొదట టైటానియం డయాక్సైడుతో మొదలుపెట్టాను. గోడ రంగుల్లో వేసే తెల్లపొడే అది. అతినీలలోహిత కాంతి పడితే అది కూడా రాడికల్స్ పుట్టిస్తుంది. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా దాన్ని ప్రపంచానికి చూపించినప్పటి నుంచీ దాని మీద ఎంత పని జరిగిందో చెప్పలేను. ఎండలో అతినీలలోహిత కాంతి నూటికి ఐదు వంతులు మించదు కాబట్టి పని నెమ్మది, అది ఒక బాధ. నా బాధ వేరు. రంగు పోయింది, నీళ్ళు పాలలా మిగిలాయి. వడపోత కాగితంలోంచి ఆ పాలు అలాగే కారిపోయాయి. రాత్రంతా నిలవుంచాను, తేరుకోలేదు. చివరికి నిమిషానికి పదివేల సార్లు తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో వేస్తే అడుక్కి దిగింది. ఒకసారికి 200 మిల్లీలీటర్లు. ల్యాబ్‌లో ఆ మిషను కోసం క్యూ ఉండేది, పేర్లు రాసుకుని వంతులు. పదివేల లీటర్ల నీళ్ళకు ఎన్ని వంతులు కావాలో ఒకరోజు కూర్చుని లెక్కవేసి, లెక్క మధ్యలో ఆపేశాను.

అయస్కాంతం ఆలోచన అక్కడ పుట్టింది. నాకు పుట్టింది అనడం లేదు, ప్రపంచంలో చాలామందికి పుట్టింది. మీ అందరికీ చిన్నప్పుడే తెలుసు. పాడైపోయిన రేడియో స్పీకర్లోంచి అయస్కాంతం పీకి ఏటి ఇసుకలో తిప్పితే ఏం అంటుకునేది? మీసాల్లా నిక్కబొడుచుకుని నల్లపొడి. అందులో ఎక్కువ భాగం మాగ్నెటైట్. ఇనుము, ఆక్సిజన్ కలిసిన రాయి. ఈ సీసాలో ఉన్నది కూడా అదే, మనిషి చేసినది, బాగా చిన్నగా.

దాన్ని ఎలా చేస్తామో చెబుతాను, వినడానికి బాగుంటుంది. ఇనుము రెండు రకాల లవణాలు ఇస్తుంది. ఫెర్రిక్ రెండు పాళ్ళు, ఫెర్రస్ ఒక పాలు. వేడినీళ్ళలో కరిగిస్తే నారింజ రంగు నీళ్ళు వస్తాయి. కింద నుంచి నైట్రోజన్ గ్యాసు బుడగలు పంపుతూ ఉంటాం, గాలి తగలకుండా. అందులో అమ్మోనియా పోస్తాం. ముక్కు, కళ్ళు మండిపోతాయి. పోసిన మరుక్షణం ఆ నారింజ నీళ్ళు కాటుకలా నల్లబడతాయి. ఎన్నిసార్లు చేసినా నాకు ఆ క్షణం ఇష్టం. బీకరు కింద అయస్కాంతం పెడితే నలుపంతా చాపలా అడుక్కి వచ్చేస్తుంది, పైన నీళ్ళు తేటగా నిలుస్తాయి. సెంట్రిఫ్యూజ్ క్యూలో నిలబడ్డవాళ్ళకు ఆ దృశ్యం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకో చమత్కారం. ఈ కణాలు 10, 15 నానోమీటర్లుంటాయి. అంత చిన్నగా ఉన్నప్పుడు, అయస్కాంతం దగ్గరుంటేనే అవి అయస్కాంతాలు. తీసేయగానే ఆ సంగతి మరిచిపోతాయి. మామూలు ఇనుప రజనులా ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కట్టవు, కుదిపితే మళ్ళీ నీళ్ళలో కలిసిపోతాయి. సూపర్ పారామాగ్నటిజం అనే పేరు పిల్లలు పరీక్షకు రాసుకోండి, మిగతావాళ్ళకు అక్కర్లేదు.

నా పరువు తీసిన సంగతి కూడా చెప్పాలి. మొదటి బ్యాచ్ ఒకటి రాత్రి 600 డిగ్రీల ఫర్నేసులో పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను, గాలి తగలకుండా నైట్రోజన్ పెట్టడం మరిచిపోయి. పొద్దున తలుపు తీస్తే నల్లపొడి లేదు, ఇటుకపొడి ఉంది. అయస్కాంతం పెడితే ఒక్క రేణువు కదల్లేదు. మాగ్నెటైట్ గాలిలో కాలి హెమటైట్ అయింది. మా గైడ్ దాన్ని చూసి, కనీసం సంక్రాంతి ముగ్గులకు ఎర్రమన్నుగా పనికొస్తుందన్నారు.

ఇప్పుడు అసలు విషయం, మిశ్రమ ఉత్ప్రేరకం. ఉత్ప్రేరకమంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగంగా నడిపించేది. ఒట్టి మాగ్నెటైట్ అన్ని పనులూ బాగా చేయలేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను, రాడికల్ పుట్టినచోటు దాటి పోలేదని. అంటే రంగు అణువు కణం దగ్గరికి రావాలి. కాబట్టి మూడు పనులున్నాయి. రంగును దగ్గరికి లాగేదొకటి, కొట్టేదొకటి, పని అయ్యాక అందరినీ ఇంటికి తీసుకొచ్చేదొకటి. తీసుకొచ్చే పని మాగ్నెటైట్‌ది. కొట్టే పని కొంత అదే చేస్తుంది, లేదా దాని మీద టైటానియం డయాక్సైడో, జింక్ ఆక్సైడో, రాగి, కోబాల్ట్ కలిసిన ఫెర్రైటో, అంటే ఆ లోహాలు కలిసిన ఇనుప ఆక్సైడో పెడతాం. లాగే పనికి బొగ్గు జాతి పదార్థాలు, లేకపోతే కైటోసాన్. ఈ కైటోసాన్ ఏమిటో తెలుసా? రొయ్యల పొట్టు. భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ఫ్యాక్టరీల్లో గుట్టలుగా పడేసేదాన్ని ఆసిడ్‌తో, కాస్టిక్‌తో శుభ్రం చేస్తే వచ్చేదే. అది రియాక్టివ్ రంగును బాగా పట్టుకుంటుంది.

వీటిని ఎలాగంటే అలా కలిపేస్తే కుదరదు. టైటానియం డయాక్సైడును నేరుగా మాగ్నెటైట్ మీద పూస్తే రెండింటికీ గొడవ. వెలుతురు వల్ల పుట్టిన విద్యుదావేశం రంగు వైపు పోకుండా ఇనుములోకి జారిపోతుంది, పైగా ఆ ఇనుము నీళ్ళలోకి కరగడం మొదలవుతుంది. అందుకని మధ్యలో పలచటి సిలికా పొర, అంటే గాజు పొర వేస్తాం. అయితే ప్రతి పొరకూ ధర ఉంది. ముద్ద మాగ్నెటైట్ అయస్కాంత బలం గ్రాముకు 92 యూనిట్లనుకోండి, నానోలో అది తగ్గుతుంది, పొరలు వేసేకొద్దీ ఇంకా తగ్గి సగానికో, పాతికకో వస్తుంది. పొరలు ఎక్కువైతే పని బాగా చేస్తుంది, పిలిస్తే రాదు. ఇంట్లో కొందరు కుర్రాళ్ళలాగా.

ఒకసారి సీసాలు చూద్దాం. మొదటిది అలాగే ఉంది. రెండోది కొంచెం పలచబడ్డట్టుంది, కదా? అందులో పెరాక్సైడ్ లేదు. మరి రంగు ఎలా తగ్గింది? పొడికి అంటుకుంది, అంతే. విరగలేదు. మూడోది ఇంకొంచెం తేలిక. ఎంతమేరకు విరిగింది, ఎంతమేరకు అంటుకుంది అని తెలియాలంటే రెండో సీసాతో పోల్చాలి. మూడో సీసా ఒక్కటే తెచ్చి చూపించి ఉంటే మీరు చప్పట్లు కొట్టేవాళ్ళు, నేను మోసం చేసినట్టయ్యేది.

నా రంగం మీద నాకున్న కోపం ఇదే, కొంచెం ఓపిక పట్టండి. ఈ సబ్జెక్టు మీద పరిశోధనా పత్రాలు కుప్పలు తెప్పలు. చాలావాటిలో రంగు మిథిలిన్ బ్లూ. నేను కూడా ఇవాళ అదే తెచ్చాను, ఎందుకంటే చవక, అందంగా ఉంటుంది, త్వరగా పోతుంది. కానీ మీలో నూలుకు మిథిలిన్ బ్లూ వేసేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? లేరు. అది ధనావేశం ఉన్న రంగు. మీరు వాడే రియాక్టివ్ రంగులది రుణావేశం. మాగ్నెటైట్ పైపొర పుల్లటి నీళ్ళలో ధనం, సోడా నీళ్ళలో రుణం. అంటే పీహెచ్ 10 ఉన్న మీ తొట్టిలో ఈ పొడి వేస్తే, పొడీ రుణమే, రంగూ రుణమే, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ల్యాబ్‌లో 98 శాతం వచ్చిన పొడి ఇక్కడ చేతులెత్తేస్తుంది.

తర్వాత ఉప్పు. రంగు నూలుకు ఎక్కడానికి మీరు ముదురు షేడ్లకు లీటరుకు 50 గ్రాముల పైనే ఉప్పు వేస్తారు. బిగియడానికి సోడా. హైడ్రాక్సిల్ రాడికల్ ఎవరిని పడితే వాళ్ళను కొడుతుందని చెప్పాను కదా. సోడాలోని కార్బొనేటును కూడా కొడుతుంది, ఉప్పులోని క్లోరైడును కూడా. రంగు దాకా చేరేది మిగిలితే కదా. ల్యాబ్‌లో మేం వాడేది డిస్టిల్డ్ వాటర్. ఇంకో సంగతి, ఈ పద్ధతి ఉప్పును ముట్టుకోదు. రంగంతా పోయినా ఆ నీళ్ళు పొలానికి పనికిరావు. తిరుప్పూర్ రైతుల గొడవలో సగం ఉప్పే.

పెరాక్సైడ్ ఖర్చు కాగితం మీద లెక్కవేద్దాం. ఒక మిథిలిన్ బ్లూ అణువును పూర్తిగా కార్బన్ డయాక్సైడు దాకా తీసుకెళ్ళాలంటే 51 పెరాక్సైడ్ అణువులు కావాలి. బరువులో గ్రాము రంగుకు దాదాపు ఐదున్నర గ్రాములు, ఒక్కటీ వృథా పోకపోతే. వృథా పోకుండా ఎప్పుడూ ఉండదు. కాబట్టి చాలా చోట్ల పూర్తిగా కాల్చకుండా, సగం విరగ్గొట్టి, మిగతాది బాక్టీరియాకు వదిలేయడమే తెలివైన పని. పెద్ద ముక్కలను బాక్టీరియా తినలేదు, చిన్నవైతే తింటుంది.

ఇక మళ్ళీ వాడుకోవడం. పేపర్లలో ఐదుసార్లు వాడాం, 90 శాతం పని చేసింది అని రాస్తారు. ఐదుసార్లకు 90 అంటే ఒక్కోసారికి రెండు శాతం చొప్పున పోతోందని. బాగుంది కదా? అదే లెక్కన 100 సార్లకు ఎంత మిగులుతుంది? 13 శాతం. వారానికి ఆరు రోజులు రోజుకోసారి వాడితే నాలుగు నెలలు కూడా రాదు. పదివేల లీటర్లకు, లీటరుకు గ్రాము చొప్పున, 10 కిలోల పొడి కావాలి. పోయిన ఆ రెండు శాతం ఎక్కడికి పోతోంది? మోరీలోకే. అందులో కోబాల్ట్ ఉంటే రంగు బదులు కోబాల్ట్ వదిలామన్నమాట. అందుకే నేను ఇనుము, కార్బన్, రొయ్యల పొట్టు దాటి బయటికి వెళ్ళను. మా వాళ్ళు నన్ను పాతకాలం మనిషి అంటారు, అననివ్వండి.

బీకరు కింద అయస్కాంతం పెట్టి చూపించడం తేలిక. దూరం పెరిగేకొద్దీ దాని లాగుడు చాలా వేగంగా పడిపోతుంది, పెద్ద తొట్టి పక్కన ఎంత అయస్కాంతం పెట్టినా మధ్యలో కణానికి కబురు అందదు. దీనికి ఒక మార్గం ఉంది, కొత్తదేం కాదు. తెల్ల బంకమట్టి శుద్ధి చేసే పరిశ్రమలో 1970ల నుంచీ వాడుతున్నారు. గొట్టంలో సన్నటి ఉక్కు పీచు, మనం గిన్నెలు తోమే పీచులాంటిది, కూరి చుట్టూ బలమైన అయస్కాంతం పెడతారు. నీళ్ళు ఆ పీచులోంచి పోతుంటే ప్రతి తీగ అంచూ ఒక చిన్న అయస్కాంతమై కణాలను పట్టుకుంటుంది. తర్వాత అయస్కాంతం ఆపి కడిగితే పొడి బయటికొస్తుంది. రంగు నీళ్ళకు ఇది కుదురుతుందని నా నమ్మకం. నా పని ఇప్పుడు ఇక్కడ నడుస్తోంది, కొత్త పొడి చేయడం మానేసి మూడేళ్ళైంది.

ప్రశ్నలున్నాయా? చెప్పండి పెద్దాయనా.

(సభలోంచి: అమ్మా, ఇది ఎక్కడ దొరుకుతుంది, కిలో ఎంత?)

మీ తొట్టికి పనికొచ్చే రకం నా చేతిలో ఇంకా లేదండీ. దొరుకుతుందని ఎవరైనా అమ్మకానికి వస్తే, మీ తొట్టి నీళ్ళ మీదే చేసి చూపించమనండి, వాళ్ళ సీసాలో నీళ్ళ మీద కాదు. చూపించాక సీఓడీ పరీక్ష చేయించమనండి. నీళ్ళలో మిగిలిన పదార్థాలను ఆక్సీకరణ చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే పరీక్ష అది. నీళ్ళు తెల్లగా కనబడితే చాలదు, నదిలోకి వదలాలంటే సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలని నిబంధన. ఇంట్లో మాత్రం చేయకండి. గాఢమైన పెరాక్సైడ్ చేతి మీద పడితే చర్మం తెల్లగా కాలుతుంది.

(ఒక విద్యార్థిని: మేడమ్, పట్టుకున్న పొడికి రంగు అంటుకుని ఉంటుంది కదా, దాన్నేం చేస్తారు?)

మంచి ప్రశ్న. పలచటి క్షారంతోనో, ఆల్కహాల్‌తోనో కడుగుతాం. అంటుకున్న రంగు ఆ కడిగిన నీళ్ళలోకి వస్తుంది. అంటే పదివేల లీటర్లలో పలచగా ఉన్న రంగు వంద లీటర్లలో చిక్కగా వచ్చింది. దాన్ని అప్పుడు పెరాక్సైడ్‌తో కొట్టడం చవక, ఎందుకంటే అందులో సోడా, ఉప్పు గొడవ తక్కువ. నిజం చెప్పాలంటే నాకు అసలు దారి అదే అనిపిస్తోంది. ముందు పట్టుకో, తర్వాత కొట్టు. పొడి ముసలిదైపోయాక అది కూడా ప్రమాదకర వ్యర్థమే, మామూలు చెత్తలో వేయకూడదు.

సీసాలు చివరిసారి చూడండి. మూడోది పూర్తిగా తెల్లబడుతుందని అనుకున్నాను, కాలేదు. లేత ఆకాశం రంగు దగ్గర ఆగింది. ఎండ ఉంటే ఇంకొంచెం పోయేది. ఇక్కడే వదిలేసి వెళ్తాను, సాయంత్రం చూసి ఫొటో పెట్టండి. ఇదిగో, అయస్కాంతం ఇలా పక్కన ఆనిస్తున్నాను. వచ్చింది చూశారా, మొత్తం. ఈ ఒక్కటి మాత్రం ఎప్పుడూ నన్ను నిరాశపరచలేదు.

నాకు మీ దగ్గర్నుంచి కావాల్సింది ఒకటుంది. తొట్టి దించేసే రోజు లీటరు నీళ్ళు సీసాలో పట్టి పెట్టండి. మొదటి జాడింపు నీళ్ళు ఇంకో సీసాలో. సీసా మీద కాగితం అతికించి రంగు డబ్బా మీది పేరు, ఎన్ని లీటర్లకు ఎంత ఉప్పు, ఎంత సోడా వేశారో, ఏ తేదీనో రాయండి. రంగు కలిపే కొలతలు మీ వ్యాపార రహస్యమైతే షేడు పేరు రాయకండి, నాకు అక్కర్లేదు. ఈ తమ్ముడి దగ్గర ఇస్తే నెలకోసారి వచ్చి తీసుకెళ్తాను. మూత మాత్రం గట్టిగా బిగించండి, ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. పోయినసారి ఒకాయన ఇచ్చిన సీసా బస్సులో కారిపోయింది. నా బ్యాగు అప్పట్నుంచీ మెరూనే.